తాత కాదన్న చుట్ట

నా చిన్నప్పుడు మా తాతకు ఆళ్లగడ్డలో ఒక ఉద్యోగం ఉండేది. జీతం లేదు, సెలవు లేదు, ఎవరో వేయించిన ఉద్యోగమూ కాదు. పక్కింటి అత్త చుట్టే చుట్టలు కాల్చి చూసి, బాగున్నాయో లేదో చెప్పడమే ఆయన పని. పొలానికి పోయే ఓపిక తగ్గాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే. దాన్ని మాత్రం కలెక్టరు కూడా చేయలేనంత దర్జాగా చేసేవాడు.

పక్కింటి అత్త మాకు చుట్టమేమీ కాదు. వాళ్లు మసీదుకు పోయేవాళ్లు, మేము చర్చికి పోయేవాళ్లం. రెండిళ్ల మధ్య నడుమెత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. మా నాయన ఆమెను అక్కా అని పిలిచేవాడు, ఆమె మా తాతను పెదనాయనా అనేది, ఆ లెక్కన నాకు అత్త అయింది. భర్త పోయినప్పటినుంచి చుట్టలు చుట్టి సంతలో అమ్ముకుని బతికేది. ఆమె చుట్టలు పొట్టిగా, బొటనవేలంత లావున ఉండేవి. ఆకు నంద్యాల నుంచి తెప్పించేది. కొత్త మోపు దిగినప్పుడల్లా అందులోంచి నాలుగాకులు తడిపి, ఈనెలు తీసి, ఒక చుట్ట చుట్టి గోడమీద పెట్టేది. తాత లేచి వెళ్లి తీసుకునేవాడు. ఆయన సరేనన్నాకే ఆమె మిగిలిన మోపు విప్పేది.

ఆ పరీక్ష చూడ్డానికి నేను బడికి ఆలస్యమైనా సరే నిలబడేదాన్ని. ముందు చుట్టను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నలిపేవాడు. పెళపెళమంటే ఎక్కువ ఎండిందని, అసలు చప్పుడే లేకపోతే ఇంకా పచ్చి ఉందని. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు మా అమ్మ పిలిచినా పలికేవాడు కాదు. వెలిగించాక ఇంక పొగ సంగతి పట్టించుకోడు, బూడిదనే చూస్తూ కూర్చుంటాడు. బూడిద తెల్లగా ఉండాలి, రాలకుండా నిలబడాలి, నిప్పు చుట్టూ సమంగా నడవాలి. నల్లబూడిద పడిందంటే అది ఉప్పునీళ్ల బావి కింద పండిన ఆకు. సన్నగా చుడితే యా ఆకైనా కాలుతాది పాపా, లావు చుట్టలోనే దాని గుట్టు బయటపడేది, అని నాకు చెప్పేవాడు. నచ్చకపోతే మొహమాటం ఉండేది కాదు. గోడ ఇవతలినుంచే బాగలేదు పో అనేవాడు. ఆమె మారుమాట లేకుండా మోపును నంద్యాలకు తిప్పి పంపేది.

అట్లాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. పడిశం అనుకున్నాం. తర్వాత ముద్ద దిగడం మానేసింది. మా నాయన ఆయన్ను నంద్యాలకు డాక్టరు దగ్గరికి తీసుకుపోతూ నన్నూ వెంటబెట్టుకు పోయాడు. డాక్టరు టార్చిలైటు వేసి గొంతులోకి చూసి, తాతనూ నన్నూ బయట కూర్చోమన్నాడు. నాయన ఒక్కడే లోపల ఉండిపోయాడు. తిరుగు బస్సులో, అంత పెద్దదాన్ని, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. ఎందుకో నాకప్పుడు తెలియలేదు, కాళ్లు నొప్పి పుట్టినా కదలకుండా కూర్చున్నాను. తర్వాత కర్నూలుకు పోయినా అదే మాట చెప్పారట. గొంతులో పుండు ముదిరిపోయింది, చేసేదేమీ లేదు, గంజి పోస్తూ ఉండండి అని.

మా నాయన బడిపంతులు. ఊళ్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో చెప్పే మనిషి. ఆ వారమంతా వాకిట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వాకిట్లోకి తిరుగుతూ ఉండిపోయాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. అంతలో ఒక పొద్దున పక్కింటి అత్త, అలవాటుగా, గోడమీద చుట్ట పెట్టింది. నాయన దాన్ని తీసి ఆమె వాకిట్లోకి విసిరేశాడు.

"ఇంక ఈ గోడమీద చుట్ట పెట్టొద్దక్కా. మా నాయన గొంతు తినింది ఇదే," అన్నాడు.

ఆమె వంగి చుట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమె తప్పేమీ లేదని నాయనకూ తెలుసు. కోపం చేసుకోవడానికి ఆయనకు ఇంకెవరూ దొరకలేదు, అంతే. డాక్టర్ల మీద చూపించలేడు, దేవుడి మీద చూపించలేడు.

ఆ రోజునుంచి తాత గంజి తాగలేదు. అప్పటికి మాట పూర్తిగా పోయింది. అమ్మ గరిటె నోటి దగ్గరికి తెస్తే పెదాలు బిగించేవాడు. మంచం గోడవైపు తిప్పమని సైగ చేసి, చుట్ట పెట్టే చోటునే చూస్తూ పడుకున్నాడు. నాయన బతిమాలాడు, కసిరాడు, చివరికి ఏడ్చాడు. నేను బైబిల్లో వాక్యాలు చదివాను. ఇంట్లో అందరం ఉన్నాం, ఒక్కరివల్లా ఒక్క గరిటెడు గంజి దిగలేదు. ఇంత చిన్న పని కూడా మన చేతిలో ఉండదా అని నాకు ఒళ్లంతా భయం పట్టుకుంది.

చివరికి నాయనే గోడ దగ్గరికి వెళ్లాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు. కొత్తాకు వచ్చిందా అక్కా, అని మాత్రం అడిగాడు. ఆమె కాసేపటికి చుట్టతో మా ఇంటికే వచ్చింది. తాత దాన్ని చెవి దగ్గర నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వాసన తెలియలేదు కాబోలు, అటూ ఇటూ తిప్పి చూసి ఆమె చేతిలోనే పెట్టేశాడు. పీల్చడానికి ఆయనకు గొంతు లేదు. ఆయన తన చేతిని మంచం మీద పడేసుకున్న తీరు చూసి మా అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

పక్కింటి అత్త చుట్టలు చుట్టడమే గాని ఏనాడూ కాల్చిన మనిషి కాదు. మా వీధిలో కొందరు అవ్వలు కాల్చేవాళ్లే, అదీ చాటున. ఈమె పెద్దవాళ్ల ముందు తలమీద కొంగు కూడా జారనిచ్చేది కాదు. అట్లాంటిది వీధి తలుపు తీసి ఉండగానే మంచం పక్కన నేలమీద కూర్చుంది. పొగ తాతవైపు పోకుండా గాలి ఎటు వీస్తోందో చూసుకుని జరిగింది. చుట్ట వెలిగించి నోట్లో పెట్టుకుంది.

"నేను పీలుస్తా పెదనాయనా. నువ్వు బూడిద చూడు," అనింది.

దగ్గు ముంచుకొచ్చింది, కళ్లనీళ్లు కారాయి. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ పీల్చింది. తాత తలెత్తి చూస్తున్నాడు. బూడిద తెల్లగా పెరిగింది. ఆయన మంచంపట్టె మీద చేత్తో తట్టాడు, బాగుందని. ఆ సాయంత్రం గంజి తాగాడు. గంజి తాగితే బతుకుతాడని ఎవరికీ ఆశ లేదు. కానీ నాయన ఆ ఖాళీ గిన్నెను తానే కడిగి బోర్లించాడు.

అప్పటినుంచి అదొక పద్ధతయింది. బాగుంటే పట్టె తట్టేవాడు, లేకుంటే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. నంద్యాల అవతల బండి ఆత్మకూరు అనే ఊరి దిక్కునుంచి వచ్చిన ఒక మోపుకు నల్లబూడిద పడితే చెయ్యి ఊపాడు, ఆమె దాన్ని ఎప్పటిలాగే తిప్పి పంపింది. ఆ రోజంతా తాతకు మనసు పాడైందని నాయన అనుకున్నాడు. ఆమెను పక్కకు పిలిచి, నచ్చే ఆకే ఏరి తేరాదా, ఉన్నన్నాళ్లు సంతోషంగా ఉంటాడు కదా అని అడిగాడు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాను.

"అన్నిటికీ బాగుండాదని తట్టేదానికి ఆయప్ప ఎందుకు తమ్ముడూ?" అనింది ఆమె. "కాదనాల. కాదంటే నేను వినాల. అప్పుడు గదా ఆయప్ప ఉన్నట్టు."



తాత రోజురోజుకూ మంచంలో కుంచించుకుపోయాడు. కళ్లకు మసక కమ్మింది. ఒక మధ్యాహ్నం అత్త ఎప్పటిలాగే వచ్చి కూర్చుని చుట్ట వెలిగించింది. దగ్గకుండా పీల్చడం అప్పటికి నేర్చుకుంది. నిప్పు సమంగా నడిచింది. బూడిద పాలనురుగంత తెల్లగా, వేలి కణుపంత పొడుగున నిలబడింది. అంత మంచి చుట్టను నేను అంతకు ముందు చూడలేదు. తాత చాలాసేపు చూశాడు. చూశాడని మేమనుకున్నాం. తర్వాత చెయ్యి అడ్డంగా ఊపాడు.

నేను నోరు తెరవబోయాను. ఆమె చెయ్యి నా మోకాలిమీద పడింది.

"బాగలేదా పెదనాయనా?"

మళ్లీ అడ్డంగా ఊపాడు. సరే అని ఆమె లేచి వెళ్లింది. ఆ మోపులో సగం అప్పటికే చుట్టేసి ఉంది. తాత బాగున్న రోజుల్లో అయితే ఆయన మాట వచ్చేవరకూ ఆగేది, కానీ ఇప్పుడు ఆయనకు నిద్ర ఎక్కువై, సంత దగ్గరపడి, ఆమె ముందే చుట్టుకోవలసి వచ్చింది. ఆ గంపను అట్లాగే ఎత్తుకొచ్చి తాత ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్క చుట్టా తీసి, దారం లాగి, ఆకు విప్పి నేలమీద వేయసాగింది. విప్పిన ఆకు మళ్లీ చుట్టకు పనికిరాదు. నాయన గడపమీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వద్దని ఆమెకు చెప్పలేడు, నీకు కనపడలేదు నాయనా అని తాతకు చెప్పలేడు. నేను విప్పిన ఆకులు కుప్పగా జరుపుతూ కూర్చున్నాను. నాకు చేతనైంది అదే. గంప ఖాళీ అయ్యేవరకూ తాత ఆమె చేతులవైపే ముఖం పెట్టి ఉన్నాడు. తర్వాత నిద్రపోయాడు.

ఆదివారం చర్చిగంట కొట్టకముందే పోయాడు.

చాలా నెలలకు, మళ్లీ గోడ దగ్గర నిలబడగలిగాక, ఆమెను అడిగాను. ఆ పొద్దు ఆకు బాగుండె గదా అత్తా, అన్నాను. బాగుండె అనింది. మరి ఎందుకు విప్పేస్తివి అన్నాను. ఆమె ఈనె తీస్తూ తల కూడా ఎత్తలేదు.

"కాదనె గదమ్మా," అనింది.

ఎన్నో ఏళ్లకు మా అమ్మ మంచం పట్టినప్పుడు నాకు ఆ మాట పనికొచ్చింది. అప్పటికి ఆమెకు వేళ తెలిసేది కాదు, ఒక్కోసారి నేనెవరో కూడా తెలిసేది కాదు. ఆమెను బాగుచేయడం ఎవరివల్లా కాలేదు. నేను మాత్రం వండిన ప్రతి పులుసూ అరచేతిలో ఇంత వేసి నాకించి, ఎట్లుందమ్మా అని అడిగేదాన్ని. ఉప్పు చాల్లేదు అనేది. చాలినంత ఉండేది. అయినా ఆమె చూస్తుండగానే ఇంకొంచెం వేసి కలిపేదాన్ని. ఆ పూట ఇంటిల్లిపాదీ చెంబులకొద్దీ నీళ్లు తాగుతూ ఆ పులుసే తినేవాళ్లం.