ఎర్రబడ్డ నాలుగు గొట్టాలు

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఆటోమొబైల్ డిప్లొమా పూర్తిచేసి మహబూబ్‌నగర్‌లో ఒక కార్ల షెడ్డులో చేరిన ఆ రోజుల్లో, ఇంజిన్ల గురించి నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది ఇంకా ఎవరూ కనిపెట్టనిదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఆయన బడి ముఖం చూడలేదు. ఇంజిన్ శబ్దం విని రోగం చెప్పేవాడు. అది శాస్త్రీయమైన పద్ధతి కాదని నేను లోలోపల ఆయన మీద జాలిపడేవాణ్ని. ఆయన నన్ను పేరు పెట్టి కాక ‘డిప్లొమా’ అని పిలిచేవాడు. (అది గౌరవమే అనుకుని చాలా నెలలు సంతోషించాను.) దూరం నుంచే వేడి కొలిచే గన్ను ఒకటి కొనుక్కుని, పిస్తోలులాగా నడుముకు దోపుకుని తిరిగేవాణ్ని. పనేమీ లేకపోతే ఛాయ్ గ్లాసుకు గురిపెట్టి ఎంత వేడిగా ఉందో ప్రకటించేవాణ్ని.

ఒకరోజు అచ్చంపేట వైపు పల్లె నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. వెంట ఒక అక్క, ఆమె తండ్రి వచ్చారు. అక్క దవాఖానలో నర్సు. పెద్దాయన గొర్లు కాస్తాడు. కారు ఆమె తమ్ముడిది. వేగం కోసం ఇంజిన్‌ను తానే విప్పి మార్చుకున్నాడట. ఇంజిన్ నుంచి వేడి పొగను సైలెన్సర్‌కు చేర్చే నాలుగు గొట్టాలను (మేం హెడర్ అంటాం) కూడా తన చేత్తోనే వంచి వెల్డింగ్ చేసుకున్నాడు. ఏడాది కింద జ్వరమొచ్చి వారంలో పోయాడు.

“వచ్చే వారం వాని సంవత్సరీకం తమ్మీ,” అంది అక్క. “ఆలంపూర్ పోయి తుంగభద్రల తానం చేసి రావాలె. వాని బండిలనే పోదామంటుండు బాపు. జర ఎట్లన్న చెయ్.”

ఉస్తాద్ ఆ పని నాకు అప్పగించాడు. కార్బ్యురేటర్ కడిగాను. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ను ఊడదీసి, శుభ్రం చేసి మళ్లీ బిగించాను. రెండో రోజు కారు గర్జించింది. ఆ శబ్దం వినగానే పెద్దాయన భుజం మీది తువ్వాలతో కళ్లు ఒత్తుకున్నాడు. నేనైతే దండ కోసం మెడ వంచినంత పనిచేశాను. ఐదు నిమిషాలు గడవకముందే, షెడ్డు నీడలో ఆ నాలుగు గొట్టాలు కొలిమిలో పెట్టిన ఇనుములాగా ఎర్రబడ్డాయి.

“గొట్టాల సైజే తప్పు పెద్దనాయినా,” అన్నాను వెంటనే. “ఇవి చేసినోనికి లెక్క తెల్వదు.”

పెద్దాయన ఆ గొట్టాల వైపు చూశాడు. “అందాద మీద చేసిండేమో బిడ్డా. వానికి చెప్పేటోళ్లు ఎవలున్నరు?” అన్నాడు, కొడుకు తరఫున క్షమాపణ అడుగుతున్నట్టు.

మరుసటి రోజు నా చికిత్స మొదలైంది. వేడిని ఆపే పట్టీ తెప్పించి, కాలు విరిగినవాడికి కట్టుకట్టినట్టు నాలుగు గొట్టాలకూ చుట్టాను. ఇంజిన్ వేయగానే పట్టీ నుంచి లేచిన పొగతో షెడ్డు నిండిపోయింది. పక్కనున్న ఛాయ్ హోటలాయన నిప్పంటుకుందని బకెట్ నీళ్లతో పరుగెత్తుకొచ్చి, ఆ నీళ్లు నా మీద పోశాడు. (కారు మీద ఎందుకు పోయలేదో ఈనాటికీ తెలియదు.) “అరే డిప్లొమా, జొరమొచ్చినోనికి గొంగడి కప్పుతవా?” అన్నాడు ఉస్తాద్. గొట్టాలు మాత్రం చల్లబడలేదు. వాటిని కోసి పారేసి కంపెనీవి వేద్దామన్నాను.

“కోయకుంట కాదా తమ్మీ?” అక్క గొంతు తగ్గించి అడిగింది. “బాపు కండ్లు వాటి మీదనే ఉన్నయి.”

ఒక్కరోజు గడువిచ్చాను, అదేదో నా దయ అన్నట్టు. ఆ మధ్యాహ్నం పట్టీలు విప్పి, ఏ గొట్టం లోపం ఎంతో రుజువు చేద్దామని గన్ను తీశాను. మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది, అన్నింటిలో దాదాపు ఒకే వేడి. ఉస్తాద్ నా వెనక నిలబడి చూస్తున్నాడు.

“నాలుగింటికీ ఒక్కతీర్గ జొరమొస్తే తప్పు గొట్టాలదా, వాటిలకొచ్చే మంటదా?” అన్నాడు నెమ్మదిగా. “నిప్పు లేటుగ పడుతుందేమో చూడరాదు.”

టైమింగ్ లైటు పెట్టి చూశాను. ఎప్పుడు నిప్పు పడాలో చెప్పే గుర్తు ఒకచోట ఉంటే, నిప్పు చాలా వెనక పడుతోంది. ఇంజిన్‌లో కాలాల్సిన పెట్రోలు ఆలస్యంగా అంటుకుని గొట్టాల్లోకి పోయి కాలుతోంది. డిస్ట్రిబ్యూటర్‌ను ఊడదీసేటప్పుడు గుర్తు పెట్టుకోకుండా, వంకరగా బిగించిన మహానుభావుణ్ని నేనే. చనిపోయినవాడి లెక్కను వాడి తండ్రి ముందే తప్పుపట్టింది కూడా నేనే. దాన్ని సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. షెడ్డు బయట బల్ల మీద కూర్చున్న పెద్దాయన దగ్గరికి నడవడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది.

“పెద్దనాయినా, గొట్టాలు మంచిగున్నయి. తప్పు నాది. నేనే ఉల్టా బిగించిన.”

తిడతాడనుకున్నాను. ఆయన లేచి వచ్చి, నడుస్తున్న ఇంజిన్ మీదికి వంగి చూశాడు. గొట్టాలు మామూలు రంగులోనే ఉన్నాయి.

“అయితే మావోడు మంచిగనే చేసిండన్నట్టు,” అన్నాడు.

“మస్తు చేసిండు,” అన్నాడు ఉస్తాద్. “నాకు గూడ గట్ల వంచ రాదు.”

ఆలంపూర్ వెళ్లొచ్చాక అక్క ఫోన్ చేసింది. “బండి ఏం సతాయించలే తమ్మీ. బాపు ఒక్కడే, తొవ్వ పొడుగూత ఆపుమని బ్యానెట్ లేపి చూస్కుంటొచ్చిండు.”

నాకు మనసులో చిన్న రోషం కలిగింది. నా రిపేరు మీద పెద్దాయనకు ఇంకా నమ్మకం కుదరలేదనుకుని, రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఆయన చూసుకున్నది నా పనిని కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈమధ్య నా కూతురు మట్టితో చేసిచ్చిన వంకర కారును అల్మారా తీసినప్పుడల్లా నేను చూసుకుంటుంటే, అలిగి తిరిగిన ఆ ఇరవై ఒక్కేళ్ల డిప్లొమా గుర్తొచ్చాడు. పాపం, వాడి మీద కోపం కూడా రాలేదు నాకు. నవ్వే వచ్చింది.