నాలుగు వేళ్ల సందు

బొగ్గుబాయి కాలనీలో నల్లాలు చూసే సీమోనును ఎంత దూరంనుంచైనా పోల్చుకోవచ్చు. భుజాన పానా, చెవి సందున బీడీ, ఎప్పుడూ దగ్గరికి చేర్చి ఉంచే కుడిచేతి నాలుగు వేళ్లు. ఏ వాకిట్లోకి వెళ్లినా నల్లా మూతికీ బిందె అంచుకీ మధ్య ఆ వేళ్లు పెట్టి చూస్తాడు. అవి పట్టకపోతే ముఖం వేలాడేస్తాడు. చాయ్ కూడా సాసరులోకి నాలుగు వేళ్ల ఎత్తునుంచే పోసుకుంటాడు. వాడలో ఎగువనుండే సత్తవ్వ మాత్రం నల్లాకు రబ్బరు పైపు తగిలించి, పెనిమిటి బొగ్గుబాయి బట్టలు నానేసిన గోలెంలో దాని కొస ముంచి వదిలేస్తుంది.

"పైపు పైకి తియ్యి సత్తవ్వా. మీద నీళ్లు బందైతే గీ మురికిని నల్లా ఎన్కకు గుంజుకుంటది. కిందింటోళ్లు తాగుతరు."

"వచ్చిన నీళ్లు మళ్ల ఎన్కకు పోతయా అన్నా? నీ ఫికర్ నీదే!"

సీమోను గోలెంలో ఇంత నీలిమందు కలిపి, వాడ మొదట్లో వాల్వు కట్టేసి, దర్జాగా బీడీ వెలిగించాడు. వాడ చివర, పల్లంలో ఉన్నది తన ఇల్లేనని మాత్రం అతనికి తట్టలేదు. బీడీ సగం కాలకముందే అతని భార్య ప్రేమమ్మ ఎసరు గిన్నె పట్టుకుని ఎక్కివచ్చింది. గిన్నెలో నీళ్లు నీలంగా ఉన్నాయి. వాడంతా పగలబడి నవ్వింది. నీలం కలపని రోజుల్లో ఆ గిన్నెలోకి ఏం పోయిందో తలుచుకుని, సత్తవ్వ ఒక్కతే నవ్వకుండా పైపు బయటికి లాగింది.

ఆ మధ్యాహ్నం ప్రేమమ్మ గంటెను తల ఎత్తుకు లేపి కంచంలోకి పప్పు పోసింది. అంగీ నిండా చిందింది. సీమోను తుడుచుకోలేదు. కంచం మీద నాలుగు వేళ్లు నిలబెట్టి, నెమ్మదిగా చెప్పాడు:

"గంత ఎత్తు అక్కెరలే. గింత సాలు."