పేగుకు ఎక్కాలు రావు

కువైట్‌లోని మా మంగఫ్ లేబర్ క్యాంపులో నన్నింకా ‘పది మాత్రల అన్న’ అనే పిలుస్తారు. ఆ బిరుదు కోసం నేనెంత పెద్ద గోతిలో పడ్డానో చెబుతాను. నవ్వండి, కానీ నా లెక్కలో తప్పు వెతకకండి. తప్పు పేగులో ఉంది.

నేనూ ఓబులేసూ ఒకే గదిలో ఉండే కడప వాళ్లం. ఇద్దరమూ మాంసం ముట్టం, ఇద్దరికీ అరికాళ్ల తిమ్మిర్లు. క్లినిక్‌లో రక్తం చూస్తే బి12 నాకు నూట అరవై, వాడికి నూట యాభై. ఆ పదికే నేను మీసం దువ్వుకున్నాను. ఎందుకంటే ఫోర్‌మన్ తెల్ల హెల్మెట్ ఒకటి ఖాళీగా ఉంది. పదిహేను రోజుల తర్వాత పరీక్షలో ఎవరి అంకె మెరుగైతే వాళ్లకే అన్నాడు మేనేజరు. తిమ్మిరి కాళ్లతో కట్టే బిల్డింగు మంచె ఎక్కలేరు కదా.

డాక్టరమ్మ రోజుకొకటి చొప్పున చెరి పది బి విటమిన్ల మాత్రలిచ్చింది. ఓబులేసు అన్నం తిన్నాక ఒక్కోటీ ప్రసాదంలా కళ్లకద్దుకుని మింగేవాడు. నేను మాత్రం పరీక్షకు దగ్గర్లో మింగితే అంకె ఎక్కువ వస్తుందని పెట్టెలో దాచాను. తొమ్మిదో రోజు వాడు మెట్లమీద పరుగెత్తాడు. నా కడుపు మండింది. పది ఒకట్లు పదే, ఒక పదీ పదే. ఆ శుక్రవారం పదీ ఒక్క గుక్కలో మింగేశాను.

మధ్యాహ్నానికి బాత్రూంలో పసుపు పారింది. మందు నిండి పొర్లుతోందని పొంగిపోయాను.

“నీకీ రంగు వచ్చిందా?” అన్నాను.

“కొంచెం లేతగా వచ్చిందన్నా.”

పాపం అనుకుని వాడి భుజం తట్టాను.

ఫలితాలొచ్చాయి. వాడికి రెండు వందల ముప్పై, నాకు నూట అరవై నాలుగు. మిషను చెడిందన్నాను. డాక్టరమ్మ ఓపిగ్గా హిందీలో చెప్పింది: బి12ను లోపలికి తీసుకునే సీట్లు చిన్నపేగు చివర కొన్నే ఉంటాయట, మా కంపెనీ బస్సులాగే. నిండితే మిగతావాళ్లు రోడ్డుమీదే, మళ్లీ కొన్ని గంటలకే ఇంకో బస్సు. ఓబులేసు పది బస్సులు పట్టాడు, నేను అందర్నీ ఒక్క బస్సుమీదికి తోలాను.

“మరి ఆ పసుపు?”

“అదే మాత్రలోని బి2. ఒంటికి ఎక్కువై బయటికి పోయింది.”

అంటే నేను మురిసిపోయింది డ్రైనేజీని చూసి.

తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఓబులేసు నా పక్కన కూర్చున్నాడు. “నీ లెక్క కరెక్టేలే అన్నా. పేగుకు ఎక్కాలు రావు, అంతే.”

ఆనాడే పేగు సాక్షిగా ఒట్టేశాను: రోజుకొకటే మింగుతాను, పక్కవాడి అంకె చూడను. ఆరేళ్లుగా నిష్ఠగా పాటిస్తున్నాను. కాకపోతే మొన్నటినుంచి ఓబులేసు భోజనం తర్వాత ఏదో ఎర్ర మాత్ర వేసుకుంటున్నాడు. అదేంటో నేను అడగను. కనుక్కుంటాను.