ఖజానా దగ్గర మా అత్తగారు చెప్పిన మాట

మా మామగారికి సెంటు పొలం లేదు. కొనలేక కాదు, కొనలేదు. ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక మా సీమలో చేతిలో నాలుగు డబ్బులు ఆడిన ప్రతివాడూ పెళ్ళాం మెడలోవి అమ్మయినా సరే ఎకరమో అరెకరమో కొన్నాడు. ఈయన మాత్రం తాలూకా కచేరీలో శిరస్తాదారు కుర్చీలో కూచుని వాళ్ళ పట్టాలు చూసి నవ్వుకునేవారట. పొలానికి వరదొస్తుంది, పురుగొస్తుంది, దాయాది వస్తాడు, పింఛనుకి ఎవడొస్తాడు అనేవారు. గోదావరి గట్టు తెగినా సర్కారు పింఛను తెగదని ఆయన ధీమా.

ఆ పింఛనుకి ఒకటే చిక్కు. అది మనిషితోపాటే పోతుంది. ఆయన పోయిన మర్నాటి నుంచి భార్యకి గాని, కొడుక్కి గాని చిల్లిగవ్వ రాదు. ఆ సంగతి ఆయనకి తెలియదా అంటే, తాలూకా మొత్తంలో ఆయనకన్నా బాగా తెలిసినవారు లేరు. కాని ఆయన జాతకంలో ఎనభయ్యో పడి దాటుతారని రాసి ఉంది. ఆ లోపల కొడుకు దారిలో పడతాడు, భార్య తనకంటే ముందు పసుపు కుంకాలతో దాటిపోతుంది, తరవాత తనకేం ఖర్చు? ఇదీ ఆయన వేసుకున్న లెక్క. మా అత్తగారికి కూడా ఈ లెక్క నచ్చింది. ముత్తైదువగా పోవడంకన్నా ఆవిడకి వేరే కోరిక ఉన్నట్టు నేను చూడలేదు.

మా ఇల్లు నరసాపురానికి అవతలి ఒడ్డున, ఏటి గట్టుకి దగ్గరగా ఉండేది. నెల పుట్టగానే ఆయన కోటు తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, పడవలో ఏరు దాటి, తాను పనిచేసిన కచేరీలోనే ఉన్న ఖజానాకి వెళ్ళేవారు. ఎవరి పింఛను వాళ్ళే స్వయంగా వెళ్ళి, నేనే ఫలానా అని చెప్పి పుచ్చుకోవాలి. ఇంకొకరిని పంపితే ఇవ్వరు. సాయంత్రం రాణీగారి బొమ్మ రూపాయలు మూటగట్టుకుని వచ్చేవారు. ఆ మూటతోపాటు మా అత్తగారికి నరసాపురం బజారు నుంచి ఒక డజను ఆకుపచ్చ గాజులు తప్పకుండా వచ్చేవి. ముసలిదాన్ని, ఇంకా ఎన్ని గాజులండీ అని ఆవిడ ప్రతి నెలా అనేవారు, ప్రతి నెలా తొడుక్కునేవారు.

ఇక మా ఆయన సంగతి. మెట్రిక్యులేషన్ మూడుసార్లు రాసి మూడుసార్లూ చతికిలబడి, వీధి అరుగు మీద నలుగురు పిల్లల్ని పోగేసి ఎక్కాలు చెప్పేవారు. మంచివారు. మంచితనం పొయ్యి కిందకి రాదుగా. మాకు అప్పటికే ఇద్దరు పిల్లలు. ఇంట్లో గిన్నె తిరగబడకుండా ఉందంటే ఆ పింఛను వల్లే. అందుచేత తోడుపెట్టిన పెరుగు మీది మీగడ మామగారికి, కాచిన నెయ్యి తొలిచుక్క మామగారికి. ఆయన తుమ్మితే మేం అందరం ఒక్కసారి తలెత్తేవాళ్ళం. అందులో ప్రేమ ఎంత, పింఛను ఎంత అని ఎవరైనా నన్ను నిలదీస్తే చెప్పలేను. అడిగినవాళ్ళ మీద విసుక్కుంటాను.

ఒక మాఘమాసంలో ఆయనకి జ్వరం తగిలింది. రోజురోజుకీ ముదిరి, మనిషిని గుర్తుపట్టడం మానేశారు. వైద్యుడు నాడి చూసి చెయ్యి వదిలేశాడు. అప్పుడు ఊళ్ళో పెద్దలు చేరి ఆతుర సన్యాసం ఇప్పిద్దామన్నారు. చావు ఖాయమనుకున్నవాళ్ళకి ఆఖరి ఘడియల్లో సన్యాసం ఇప్పించడం మావాళ్ళలో ఉన్న ఆచారమే. అన్నీ విడిచిపెట్టానని మూడుసార్లు అనిపిస్తారు. అలా పోయినవాడు ముందు తరాలనీ వెనక తరాలనీ తరింపజేస్తాడని నమ్మకం. దానికి భార్య ఒప్పుకోవాలి. మా అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడి, వారికి మంచి జరుగుతుందంటే కానివ్వండి అన్నారు. మిట్టమధ్యాహ్నం ఆయన జందెం తీసేశారు, పిలక తీయించారు, కాషాయం కప్పారు. ఆ మాటలు ఆయన నోటినుంచి ఎలా వచ్చాయో గాని, మూడుసార్లూ వచ్చాయి.

ఆ సాయంత్రం పోతారనుకున్న మనిషి పోలేదు. రెండు రోజులు పోయాక కళ్ళు తెరిచి గంజి అడిగారు. నేను వంటింట్లోకి పరిగెత్తి, పొయ్యి ముందు కూలబడి ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను. పింఛను బతికిందని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు?

కాస్త తేరుకున్నాక ఆయన ఒంటిమీది గుడ్డ చూసుకుని, ఇది ఎవరు కప్పారని అడిగారు. చెప్పారు. మూడుసార్లూ నేను అన్నానా అని అడిగారు. అన్నారని చెప్పారు. ఒంటిమీద తెలివి లేనప్పుడు అన్న మాట లెక్కలోకి రాదని చెప్పే పండితుణ్ణి మా ఆయన ఎక్కడినుంచో వెతికి తెచ్చారు. మామగారు విని తల అడ్డంగా ఊపారు. లేచి నడవగలిగిన రోజున దండం పుచ్చుకుని గుమ్మం దిగి పడవ రేవుకి వెళ్ళిపోయారు. మా అత్తగారు తలుపు వెనకే ఉండిపోయారు. సన్యాసి పూర్వపు భార్య ముఖం చూడకూడదట. ముప్ఫై ఏళ్ళకి పైగా కచేరీలో ఒక్క తప్పుడు సంతకం పెట్టని మనిషి, ఆ నిజాయితీ అంతా తెచ్చి మా నెత్తిన పెట్టి వెళ్ళారు.

నరసాపురంలో ఏటి ఒడ్డున ఒక మండపంలో ఉండేవారని తెలిసింది. గృహస్థులు పోటీలు పడి భిక్షకి పిలుచుకునేవారట. ఆయనకి రోజుకో ఇంట్లో గారెలు, పులిహోర. ఇక్కడ మాకు గంజినీళ్ళు.

మా ఆయన ఖజానాకి వెళ్ళి అడిగారు. అక్కడి తాసిల్దారుగారు ఒకప్పుడు మా మామగారి దగ్గర పని నేర్చుకున్నవారే. కూచోబెట్టి మంచినీళ్ళిచ్చి మర్యాదగానే చెప్పారట. పోయినవాళ్ళకి పింఛను లేదు, ఉన్నవాళ్ళు వచ్చి నేనే అని చెప్పాలి. ఆయన ఒక్కసారి వచ్చి ఆ మాట అంటే పాత నెలలతో సహా ఇప్పిస్తాను అన్నారు. మనిషి వేషం మారింది కాబట్టి భార్యో కొడుకో వచ్చి ఆయనే అని గుర్తుపట్టి చెప్పాలనీ అన్నారు.

ఇది ఇలా ఉంటే ఊళ్ళో ఆడవాళ్ళకి మా అత్తగారి బొట్టు మీద కన్ను పడింది. మొగుడు సన్యసిస్తే పెళ్ళాం విధవ అవునా కాదా అని నూతి దగ్గర తర్కాలు. కొందరు పేరంటాలకి పిలవడం మానేశారు. ఆవిడ లొంగలేదు. "వారు ఊపిరి తీస్తున్నంతకాలం నా బొట్టు నాది. ఇష్టం లేనివాళ్ళు నా మొహం చూడొద్దు," అన్నారు. ఎదురుపడ్డవాళ్ళకి కనపడాలని అంతకు ముందుకన్నా పెద్దబొట్టు పెట్టుకోవడం మొదలుపెట్టారు. గాజులు చిట్లితే ఉన్నవాటినే జాగ్రత్తగా సర్దుకునేవారు. కొత్తవి తెచ్చేవారు లేరుగా.

శ్రావణం వచ్చేసరికి ఆవు వెళ్ళిపోయింది, కంచు సామాను వెళ్ళిపోయింది. మా అత్తగారు వారంలో నాలుగు రోజులు ఉపవాసం అనడం మొదలుపెట్టారు. మా ఆయనని వెళ్ళి అడగమంటే, వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి, నోట మాట రాక తిరిగొచ్చారు. చివరికి నేనే వెళ్ళాను. భక్తురాళ్ళు నలుగురు లేచి వెళ్ళేదాకా స్తంభానికి ఆనుకుని కూచున్నాను.

"స్వామీ, మీరు ఒకసారి ఖజానాకి రావాలండి," అన్నాను.

"ఆ పేరుగలవాడు లేడమ్మా."

"లేడని రాసివ్వండి, మేం దినవారాలు చేసుకుంటాం. ఆవిడ వారానికి నాలుగు ఉపవాసాలుంటున్నారు. అన్ని పర్వాలు పంచాంగంలో లేవండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను కదల్లేదు. ఆఖరికి, నెల పుట్టాక వస్తానని చెప్పు అన్నారు. పడవలో వస్తూ నేను ఇంట్లో ఏం వండాలో కూడా ఆలోచించుకున్నాను.

ఆ రోజు నేనూ, మా అత్తగారూ వెళ్ళాం. మా ఆయన తండ్రి ఆ మాట అనడం చూడలేనని నరసాపురం రేవులోనే ఆగిపోయారు. గుర్తుపట్టి చెప్పడానికి ఆవిడ ఉండాలి, ఆయన కంట పడకూడదు. అందుకని కచేరీ వరండాలో లావుపాటి స్తంభం వెనక, ముసుగు లాక్కుని నిలబడ్డారు. నేను పక్కన ఉన్నాను.

ఆయన వచ్చారు. గుండు, కాషాయం, చేతిలో దండం. ఒకప్పుడు ఆయన కుర్చీ వేసుకుని కూచున్న గది అది. తాసిల్దారుగారు లేచి సాష్టాంగపడబోయి, కచేరీ అని గుర్తొచ్చి చేతులు జోడించి ఊరుకున్నారు. గుమాస్తా ఆనవాళ్ళ కాగితం తీసి ఎడమ కనుబొమ మీది మచ్చ సరిచూసుకున్నాడు. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో సహా పేరు చదివి, అది మీరేనాండి అని అడిగాడు.

ఆయన నోరు తెరిచారు. గుమాస్తా వినపడలేదేమో అనుకుని మళ్ళీ చదివాడు. ఆయన దండాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. అంటారు, ఇప్పుడు అంటారు అని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితంలో మొదటిసారి అబద్ధం ఆడబోతున్న మనిషి మొహం అది. "నే..." అని పెదవి కదిలింది.

"ఆయన కాదండి," అన్నారు మా అత్తగారు స్తంభం వెనకనుంచి.

గుమాస్తా తల తిప్పాడు. ఆవిడ గొంతు పెంచలేదు, వణకలేదు. "మా వారు పోయారండి. మాఘమాసంలోనే పోయారు. ఈ స్వామి ఎవరో మాకు తెలీదు."

తాసిల్దారుగారు వరండాలోకి వచ్చి, ఆలోచించుకుని చెప్పండమ్మా, ఒకసారి రాసుకుంటే మళ్ళీ తిప్పడానికి ఉండదని మెల్లిగా అన్నారు. ఆవిడ "రాసుకోండి," అన్నారు. ఆయన ఆ స్తంభం వైపు చూడలేదు. దండం చప్పుడు చేసుకుంటూ మెట్లు దిగి ఏటివైపు వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. ఒక్క మాటతో ఇంటిల్లిపాది అన్నం తీసుకెళ్ళి గోదాట్లో కలిపారు. అనే హక్కు ఆవిడకి ఉందా? నా పిల్లల్ని అడిగారా? పడవ సగం ఏరు దాటేదాకా నేను ఆవిడతో మాట్లాడలేదు. మా ఆయన పడవ అంచున తల దించుకుని కూచున్నారు. ఇక ఉండబట్టలేక, "ఎందుకలా అన్నారండీ?" అని అడిగాను.

"వారు ఆ మాట అనుంటే ఇంటికి డబ్బొచ్చేది. వారు ఉండేవారు కాదు," అన్నారు.

తరవాత చేతులు ఒళ్ళో పెట్టుకుని గాజులు చూసుకున్నారు. ఆకుపచ్చవి, ఒక్కో చేతికి రెండేసి మిగిలాయి. "రేపు మంగలిని పిలిపించు. ఇవీ తీసేస్తాను."

ఆయన నిక్షేపంలా ఉన్నారు కదండీ, ఇదేం పిచ్చి అని నేను కేకలేశాను. పడవవాడు తెడ్డు ఆపి చూశాడు.

"పోయారని కచేరీలో చెప్పానే. అది అబద్ధం కాకూడదు," అన్నారు.

అన్నట్టే చేశారు. ఊరంతా ఆర్నెల్లు పోరినా దిగని బొట్టు ఆవిడ తనంతట తానే తుడుచుకున్నారు. ఆ తరవాత ఎలా బతికామో చెప్పాలంటే చాలా ఉంది. తాసిల్దారుగారు జాలిపడి మా ఆయనకి నకళ్ళు రాసే పని చూపించారు. నేను ఇరుగుపొరుగు ఇళ్ళకి అప్పడాలు ఒత్తాను, ఆవిడ పిండి విసిరారు. తెల్లచీర, బోడితల, రోజంతా తిరగలి. విసిరి విసిరి ఆవిడ చేతి కణుపులు ముడులు కట్టాయి. నేను ఎప్పుడైనా సూటిపోటి మాటలంటే విని ఊరుకునేవారు. ఆయన మాత్రం ఏటి అవతల జాతకంలో రాసినట్టే బతుకుతూ వచ్చారు. పింఛను తీసుకుని ఉంటే ఎన్ని నెలలు వచ్చేదో నేను వద్దనుకుంటూనే లెక్కపెట్టేదాన్ని.

ఒక వానాకాలం ఆవిడే ముందు పోయారు. ఆయన వేసుకున్న లెక్క ఆ ఒక్క చోట మాత్రం తప్పలేదు.

ఆ కబురు అవతలి ఒడ్డుకి చేరితే, ఆయన భిక్ష సగంలో ఆపి లేచి గోదాట్లో మునిగి వచ్చారని తరవాత ఎవరో చెప్పారు. సన్యాసికి భార్య మైల లేదు. అందుకని ఆ స్నానం ఎందుకు చేశారో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇంటి దగ్గర ఆడవాళ్ళు విధవకి చేసే పద్ధతిలో అన్నీ సిద్ధం చేస్తున్నారు. నేను లోపలికి వెళ్ళి పసుపు, కుంకుమ భరిణె తెచ్చాను. ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఈవిడ మొగుడు బతికున్నాడు. నరసాపురం వెళ్ళి చూసి రండి," అన్నాను. ఆవిడ చెయ్యి వదిలేసింది. అత్తగారి కాళ్ళకి పసుపు రాశాను. నుదుట రూపాయంత బొట్టు పెట్టాను. ఆవిడ పెట్టెలో అడుగున ఆ నాలుగు గాజులూ గుడ్డలో చుట్టి ఉన్నాయి. తెచ్చి తొడగబోయాను. ఎంత మెల్లిగా ఒత్తినా ఆ కణుపులు దాటి ఎక్కలేదు.