కంటితూకం మేస్త్రీ

ఉదయం తొమ్మిదింటికి డాబా ఎక్కిన మేస్త్రీ మధ్యాహ్నం రెండు దాటినా కిందికి దిగలేదు. పిట్టగోడకు బిగించిన ఇనుప పైపు మీద కొత్త డిష్ ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. దాని చెంపల మీద రెండు చేతులూ వేసి, అన్నం వద్దని మారాం చేసే పిల్ల మొహాన్ని తిప్పినట్టు, వెంట్రుకవాసి కుడికీ వెంట్రుకవాసి ఎడమకీ తిప్పుతున్నాడు.

"వచ్చిందా?"

కింద గదిలో టీవీ ముందు పీట వేసుకుని కూర్చున్న భార్య జవాబు స్నానాలగది కిటికీలోంచి పైకొచ్చింది.

"రాలేదు."

"ఇప్పుడు?"

"ఏమయ్యా, వస్తే నేనే అరుస్తాగా. గొంతు కాస్త దాచుకోనీ."

తెర మీద రెండు గీతలున్నాయి. పైది సిగ్నల్ బలం, కిందది నాణ్యత. బలం పొద్దుటినుంచీ సగానికి పైగానే ఉంది. నాణ్యత మాత్రం సున్నా దగ్గర పడుకుని లేవనంటోంది. నెలనెలా ఏమీ కట్టక్కర్లేని చానళ్ళు ఎనభై దాకా వస్తాయని డిష్ షాపు అమ్మాయి చెప్పింది. ఎనభై అక్కర్లేదు, ఒక్కటి వస్తే చాలు, దిగిపోతానని మేస్త్రీ పన్నెండింటికే మొక్కుకున్నాడు.

డిష్ వెనక కోణం చూపించే గీతలున్నాయి. ఎంతెత్తుకు లేపాలో పుస్తకంలో అంకె వేసి ఇచ్చారు. మేస్త్రీ ఆ అంకె దగ్గరే నట్టు బిగించి, ఐదు గంటలుగా అడ్డంగానే తిప్పుతున్నాడు తప్ప, ఒక్క గీత పైకిగానీ కిందికిగానీ జరపలేదు. పైపు తిన్నగా ఉన్నప్పుడు అంకె ఎందుకు తప్పుతుంది? పైపు బిగించింది ఎవరు మరి, తనే కదా?

తాపీ పట్టిన వాళ్ళలో ఆయన్ని 'కంటితూకం' అనని వాళ్ళు లేరు. పద్నాలుగో ఏట సిమెంటు తట్ట మోయడంతో మొదలుపెట్టి, ఇరవై నిండేసరికి గోడ ముందు నిలబడి ఒక కన్ను మూసి, "పావు అంగుళం బయటికి పోయింది" అనేవాడు. దారానికి కట్టిన ఇత్తడి గుండు వేలాడదీసి చూస్తే సరిగ్గా పావు అంగుళమే. దాని మీద టీ పందేలు కాసేవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఆయన తాగిన టీలలో సగం పందెం టీలే. ఆయన సంచీలోనూ గుండు ఒకటి ఉండేది గానీ, అది బయటికొచ్చేది పక్కవాళ్ళకు అరువివ్వడానికే.

పది రోజుల కిందట, కడుతున్న మెట్ల గోడ దగ్గర కొత్త ఇంజినీరు గుండు వేలాడదీశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. "మేస్త్రీ, రెండు వేళ్ళ తేడా ఉంది" అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. ఇంజినీరు నవ్వలేదు. ఆరు వరసల ఇటుకలు అందరి ముందూ ఊడదీయించి, "కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు" అన్నాడు. కొత్తవాడు, కావాలనే చేశాడని మేస్త్రీ తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఇంట్లో మాత్రం సిమెంటు రాక పని ఆగిందని చెప్పాడు.

ఇంట్లో ఊరికే కూర్చోలేక తెచ్చిందే ఈ డిష్.

రెండున్నరకి షాపు అమ్మాయికి ఫోన్ చేశాడు.

"నువ్విచ్చిన సరుకు పాడైపోయిందమ్మా."

"లేదు బాబాయ్, పరీక్ష చేసే ఇచ్చాను. పైపు నిటారుగా ఉందా? అది వంగితే పుస్తకంలో అంకెలేవీ పనికిరావు. ఒక్కసారి గుండు కట్టి చూడు."

మేస్త్రీకి ఒళ్ళు మండిపోయింది.

"నీ షాపు కట్టిందెవరో కనుక్కో ముందు" అని ఫోన్ పెట్టేశాడు.

పక్క డాబా మీద బట్టలారేస్తున్న పొరుగింటావిడ దుప్పటి చాటునుంచి తొంగిచూసింది. "మేస్త్రీగారూ, పొద్దుటినుంచీ ఆ మూకుడు అట్లా తిప్పుతున్నారు. ఏమైనా వేగిందా?"

"వేగుతోందమ్మా, నేనే వేగుతున్నాను."

మళ్ళీ తిప్పాడు. ఎండకు డిష్ అంచు చురుక్కుమంది. పైన ఎక్కడా మరకలేని ఆకాశం, అప్పుడే సున్నం వేసి ఆరబెట్టిన గోడలా ఉంది. ఆ గోడలో ఎక్కడో, కంటికి కనపడనంత దూరంలో, కదలకుండా నిలబడిన ఉపగ్రహం ఒకటుందట. దానికి తన డిష్ కనపడటం లేదు. పానా జారి వేలి కణుపు చెక్కుకుపోయింది. పానాని విసిరికొట్టాడు. అది నీళ్ళ ట్యాంకుకు తగిలి, ఎవరో పిలిచినట్టు మోగింది.

ఇంకో పానా కోసం సంచీలో చెయ్యి పెడితే చల్లగా గుండు తగిలింది. సరే, ఆ షాపు పిల్ల నోరు మూయించడానికైనా పనికొస్తుంది, అనుకున్నాడు.

పైపు తలకు దారం ఆనించి వదిలాడు. గుండు ఊగింది. ఆగేదాకా ఓపిక పట్టాడు. పైన దారం పైపుని తాకుతోంది. కిందకొచ్చేసరికి మధ్యలో వెలుగు కనిపించింది. గాలి అనుకున్నాడు. దుప్పటి అంచు కూడా కదలడం లేదు. కన్ను నులుముకుని చూశాడు. వెలుగు ఒకసారి సన్నగా, ఒకసారి వెడల్పుగా కనిపించింది. తన కన్ను ఏం చెబుతోందో తనకే తెలియలేదు.

"ఒకసారి పైకి రా."

మోకాళ్ళు పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఒక తిట్టు చొప్పున భార్య ఎక్కింది.

"ఇక్కడ చూడు. దారానికీ పైపుకీ మధ్య సందుందా?"

ఆమె వంగి, వేళ్ళు పెట్టి చూసింది. "రెండు వేళ్ళు పట్టింది."

మేస్త్రీ పిట్టగోడ మీద కూలబడ్డాడు. "ఆ ఇంజినీరూ రెండు వేళ్ళే అన్నాడు" అన్నాడు.

"ఊఁ."

"ఏ ఇంజినీరని అడగవే?"

"పది రోజులుగా సిమెంటు రాలేదన్నావు. రోజూ మన వీధిలోంచే మూడు లారీలు సిమెంటేసుకుని పోతున్నాయి. నేనేమన్నా గుడ్డిదాన్నా?" అని, ఆ మాట అనకుండా ఉండాల్సింది అనుకుందేమో, దారం వైపు తిరిగింది. "లే. వదులు చెయ్యి ఆ నట్లు. నేను చూసి చెబుతా."

పైపు అడుగున రేకు ముక్క దూర్చి ఒక్కో దెబ్బే వేశాడు. "ఇంకాస్త" అంది ఆమె. "ఇంకొంచెం. చాలు." జీవితమంతా పరంజా మీది వాళ్ళకు 'చాలు' చెప్పినవాడు, ఆ మాటకు సుత్తి ఆపాడు. ఎందుకో కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆమె కిందికెళ్ళింది. ఆయన డిష్‌ని అరంగుళం తిప్పాడో లేదో కిటికీ కేకేసింది. "వచ్చింది! ఎవడో సబ్బులమ్ముతున్నాడు!"

దిగివచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. ఎడమ కన్ను మూసి చూశాడు. సబ్బు పెట్టె అంచు మధ్యలో నొక్కుకుపోయి ఉంది. కుడి కన్ను మూశాడు. అంచు తిన్నగా ఉంది. మళ్ళీ ఎడమది మూశాడు.

"ఎన్నింటికి తెరుస్తాడు ఆ కళ్ళ డాక్టరు?" అని విసురుగా అడిగాడు.

"తొమ్మిదింటికి. మొన్ననే నీ పేరు రాయించి వచ్చా."

"మొన్ననే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే డాక్టరుకే కళ్ళు కనపడవనేవాడివి" అని ఆమె టీవీ గొంతు పెంచింది.