పచ్చబడ్డ నలభై కుండీలు

మా అక్కకు నోరెక్కువ. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను. కానీ చెయ్యి మాత్రం ఇరవై రెండేళ్లలో ఒక్క కొలత తప్పలేదు. పరిశోధన కేంద్రంలో, గాజు కప్పు కింద పెంచే మొక్కలకు నీళ్లు పెట్టడం ఆవిడ పని. పొద్దున ఆరింటికే వెళ్లి, ప్రతి కుండీలో వేలు దించి తడి చూసి, గీత పెట్టిన లోటాతో పోసేది. అక్కడ అందరికీ ఆవిడ నీళ్లక్క.

అక్కడి పెద్దసారు చేసేది గొప్ప పనే, నేను కాదనను. గాలి నిండా నత్రజని ఉన్నా మొక్కజొన్న దాన్ని ముట్టుకోలేదు. అందుకే రైతు యూరియా బస్తాలు మోస్తాడు. చిక్కుడు జాతికి ఆ బాధ లేదు. వాటి వేళ్లలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోంచి నత్రజని పట్టి పెడతాయి. అలాంటి ఒక జీవిని మార్చి, మొక్కజొన్న వేళ్ల దగ్గర కాపురం పెట్టించాలని సారు పదేళ్లుగా తంటాలు పడుతున్నాడు.

ఆ విడత ఎనభై కుండీలు పెట్టారు. నలభైకి సూక్ష్మజీవులు కలిపారు, నలభైకి కలపలేదు. యూరియా దేనికీ లేదు. కలపనివి పసుపుపచ్చగా మారితేనే, కలిపినవాటి గొప్ప తెలుస్తుంది. అనుకున్నట్టే నాలుగో వారానికి ఆ నలభై పాలిపోయాయి. అక్క ఊరుకుంటుందా? "పాపం, ఈ పిల్లల మొహాలు చూస్తుంటే ఓ చారెడు యూరియా విసరాలనిపిస్తోందర్రా!" అంది. అందరూ నవ్వారు.

ఇంకో రెండు వారాలకు ఆ నలభై కూడా తిరిగి ఆకుపచ్చగా మారడం మొదలుపెట్టాయి.

సారు అందర్నీ హాల్లోకి పిలిచాడు. ముప్పైమంది ఉన్నారు. వాళ్లందరి ముందు మా అక్కను నిలబెట్టాడు.

"యూరియా వేసింది నువ్వే కదూ? నీ నోటితో నువ్వే అన్నావట."

"అయ్యో సార్, అది సరదాకన్న మాట! కుండీల కింద ఆ పళ్లెం చూడండి ముందు. ఇదివరకు కుండీకో మూకుడు ఉండేది. ఎనభై మూకుళ్లు కడగడం ఆలస్యమని మీరేగా పొడుగు పళ్లేలు పెట్టమన్నారు? రెండు రకాలూ ఒకే నీళ్లలో కూర్చున్నాయి. ఈ కుండీలో జీవి ఆ కుండీలోకి పోదా?"

"నీళ్లు పోసేదానివి, నాకు పాఠం చెప్తావా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస!" అనేసింది అక్క.

అంతే. మధ్యాహ్నానికి గేటు కార్డు లాక్కున్నారు. బయటికి పంపే ముందు సంచీ బల్ల మీద బోర్లించారు. టిఫిను డబ్బా, దువ్వెన, తడిసిపోతే మార్చుకోవడానికి పెట్టుకున్న జాకెట్టు. యూరియా కోసం ఆ జాకెట్టును కూడా దులిపారు. ఆవిడతో కలిసి ఆ పళ్లేలు మోసినవాళ్లు పక్కనే నిలబడి చూశారు. తల్చుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మూడు నెలలకు సారే మా ఇంటికొచ్చాడు. కొత్త మనిషి నీళ్లు పోసినా, జీవి కలపని కుండీలు మళ్లీ అలాగే పచ్చబడ్డాయట. అప్పుడు గానీ ఆ పళ్లెంలో నీళ్లు పరీక్ష చేయించాలని తోచలేదు ఆయనకు. ఆయన జీవే, బ్రహ్మాండంగా పనిచేస్తూ, పక్క కుండీల్లోకి పాకింది.

నేను కుట్టు మిషను తొక్కడం ఆపలేదు. అక్క మాత్రం కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"పొరపాటైందమ్మా. అయిందేదో అయింది, రేపట్నించి వచ్చెయ్."

"నన్ను దొంగన్నది ఎక్కడ సార్?"

"హాల్లో..."

"మరి ఆ ముప్పైమందినీ అదే హాల్లోకి పిలవండి. నీళ్లక్క తప్పేం లేదు, పళ్లేలు పెట్టమన్నది నేనే అని చెప్పండి. మర్నాడే పన్లోకొస్తా."

సారు మొహం తుడుచుకున్నాడు. "అంతమందిలో అంటే... నా స్థాయి కూడా చూడాలి కదమ్మా."

"నలుగుర్లో తిట్టి, నా చెవిలో తప్పైందంటే ఎలా సార్?"

"ఆలోచిస్తాను," అని లేచాడు.

"ఆలోచన దేనికి? తిట్టినప్పుడు ఆలోచించారా?" అని నేను మెట్ల దాకా వెంటపడ్డాను. "నువ్వు లోపలికి రావే," అని అక్క నా చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

ఆలోచిస్తూ ఏడాది గడిపాడు మహానుభావుడు. ఈలోగా ఆయన వ్యాసం అచ్చయింది. కుండీకో పళ్లెం విడిగా పెట్టాలని అందులో ఒక వాక్యం రాశాడట. ఆ మాట ఎవరన్నారో రాయలేదు. రాస్తే చెయ్యి పడిపోతుందేమో!

పోయిన వారం ఓ మొక్కల నర్సరీలో పనుందంటే అక్కతో నేనూ వెళ్లాను. యజమాని మంచివాడే. అక్క నారు పట్టుకునే తీరు చూసి ముచ్చటపడ్డాడు. పాత చోటు గురించి అడిగి, మా ఎదురుగానే అక్కడికి ఫోన్ చేశాడు. ఫోను స్పీకరులో పెట్టాడు కూడా.

"నీళ్లక్కా? కుండీల్లో ఏదో కలిపిందని తీసేశారండీ," అంది అవతలి గొంతు.

ఆయన ఫోను పెట్టేశాడు. అక్క మోచేతి దగ్గర ఎరువు సంచీ ఒకటి మూతి విప్పి ఉంది. దాన్ని తనవైపుకు జరుపుకున్నాడు.