చర్చి గుమ్మం దగ్గర విప్పిన బూట్లు

2014 మార్చిలో రాయపూర్ నుంచి ఫ్రాన్స్ వెళ్లే బృందానికి నన్ను టూర్ మేనేజర్‌గా వేశారు. చరిత్ర చెప్పేది గైడు. తలలు లెక్కపెట్టడం, మందులు గుర్తుచేయడం, పోయిన కళ్లజోళ్లు వెతకడం మేనేజరు పని. బృందంలో ఎక్కువమంది రైల్వేలో రిటైరైన మన తెలుగువాళ్లే. చూడవలసినవి గోతిక్ పద్ధతిలో కట్టిన పాత చర్చిలు, మఠాలు.

అప్పారావు గారు రిటైరైన లోకో పైలట్. డ్యూటీల మధ్య డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూమ్‌లో, ఏదో పాత క్యాలెండర్ మీద అలాంటి చర్చి కప్పు చూశారట. దాని కింద ఒక్కసారైనా నిలబడాలని ఆయన కోరిక. మధుమేహం వల్ల కుడికాలి వేలు ఒకటి తీసేశారు. వట్టికాళ్లతో నడవకూడదన్న షరతు మీదే డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నారు. బయలుదేరేముందు జరిగే బ్రీఫింగ్‌లో ఆయన భార్య పైడమ్మ గారు ఆ సంగతి నాకు రెండుసార్లు చెప్పారు. చర్చిల్లో చెప్పులు విప్పనక్కర్లేదని అందరికీ వినబడేలా ప్రకటించి, నా పని అయిపోయిందనుకున్నాను.

మొదటి చర్చి గుమ్మం దగ్గరే సగం బృందం బూట్లు విప్పి వరుసగా పెట్టేసింది. లోపల రాతినేల మంచుగడ్డలా ఉంది. అందరినీ బతిమాలి మళ్లీ తొడిగించాను. అప్పారావు గారు మాత్రం వినలేదు. జోళ్లతో లోపలికి రానన్నారు, చూడకుండా వెళ్లననీ అన్నారు. నాకు ఒళ్లు మండింది. గుమ్మానికి ఇరుపక్కలా చెక్కిన రాజుల విగ్రహాలు చూపించి, వాళ్లకు జోళ్లున్నాయి చూడండన్నాను. ఆయన తాపీగా పక్కనున్న సాధువుల విగ్రహాలు చూపించారు. అందరివీ వట్టికాళ్లే. నా తెలివి అంతటితో సరి.

అంతలో, నడవలేనివారి కోసం లోపల ఉంచిన చక్రాల కుర్చీ పైడమ్మ గారి కంటపడింది. అందులో కూర్చుంటే కాళ్లు నేలకు తగలవు. తననేమైనా రోగి అనుకున్నారా అని ఆయన ససేమిరా అన్నారు. ఆవిడ గొంతు పెంచలేదు.

“ఏటండీ, జిందగీ అంతా జనాన్ని మీరే లాక్కెళ్లారు. ఇయాల ఒక్కపాలి కూకోండి. నాను తోస్తాను.”

ఆయన కూర్చున్నారు. ఆవిడ తన శాలువా ఆయన కాళ్లకు చుట్టి తోయడం మొదలుపెట్టారు. తల వెనక్కి వాల్చి ఆ ఎత్తైన కప్పుకేసే చూస్తూ ఉండిపోయారాయన. గైడు చెప్పింది ఒక్క ముక్క కూడా విన్నట్టు లేదు. బలిపీఠం వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చే దారి ఉంటుంది. ఆవిడ ఆ దారివెంట కుర్చీని గుడిలో ప్రదక్షిణలాగే మూడుసార్లు తిప్పారు. బయట బస్సు డ్రైవరు గడియారం చూసుకుంటున్నా నేను అడ్డుచెప్పలేదు. నిజం చెప్పాలంటే చాలా సంతోషంగా ఉంది.

బయటికొచ్చాక ఆయన పాదాలు నేనే తడిమి చూశాను. వెచ్చగా ఉన్నాయి. గండం గడిచిందనుకుని లేచేసరికి, పైడమ్మ గారు గోడ పట్టుకుని బూట్లు తొడుక్కోవాలని చూస్తున్నారు. పాదాలు బిగుసుకుపోయి లోపలికి దూరడం లేదు. ఆవిడ కూడా విప్పేసి, అంతసేపూ ఆ రాతిమీద వట్టికాళ్లతోనే కుర్చీ తోశారని నేను గమనించనేలేదు.

అప్పటినుంచి ప్రతి బ్రీఫింగ్‌లో, జబ్బున్నవారి వివరాలు తెలుసుకున్నాక వారి వెంట వచ్చేవారిని పక్కకు పిలిచి, మీకేమిటి ఇబ్బంది అని అడిగేవాణ్ణి. చాలామంది తమకేమీ లేదనేవారు. మళ్లీ అడిగేవాణ్ణి.